476లో రోమ్ అంతమైందని బోర్డు మీద రాశాను, ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు తోచలేదు

సాంఘికం టీచర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఈ రోజు పాఠం మధ్యలో రోమ్ ప్రస్తావన వచ్చి, "పశ్చిమ రోమన్ సామ్రాజ్యం క్రీ.శ. 476లో అంతమైంది" అని బోర్డు మీద రాశాను. మూడో బెంచీలో కూర్చునే పిల్ల చెయ్యెత్తి, "మాస్టారూ, అంతమైనట్టు మర్నాడు వాళ్లకు తెలిసిందా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి కూర్చోమన్నాను.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ సంవత్సరాన్ని బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరికి ఏం మారిందో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఎవరైనా విడమరిచి చెబితే రేపు ఆ పిల్ల ముందు తల ఎత్తుకుంటాను.

కొత్త చదువరి | సోమవారం, రాత్రి 9:58

సార్, మీరు అనవసరంగా బెంగ పెట్టుకుంటున్నారు. 476, రోములస్ అగస్టులస్, పదవి నుంచి దించింది ఒడోయేసర్. ఇంతే. పోటీ పరీక్షల్లో ఇంతకు మించి అడగరు. మర్నాడు ఏమైందో రాస్తే సున్నా వేస్తారు.

తూర్పుగాలి | సోమవారం, రాత్రి 10:31

మార్కులు ఇచ్చేవాళ్లకు అది చాలేమో, ఆ పిల్లకు చాలదు. టీచర్ గారూ, ఆ రోజు జరిగింది చెబుతాను.

ఒరెస్టీస్ అనే సేనాని ఉన్నాడు. ఒకప్పుడు హూణుల రాజు అట్టిలా దగ్గర కార్యదర్శిగా పనిచేసినవాడు. 475లో అసలు చక్రవర్తి జూలియస్ నెపోస్‌ను తరిమేసి, తన కొడుకును సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఆ కొడుకే రోములస్. బాలుడు. అగస్టస్ అనే బిరుదుకు జనం వెక్కిరింతగా తోక తగిలించి అగస్టులస్ అన్నారు, అంటే బుల్లి అగస్టస్ అని. ఏడాది తిరిగేసరికి సైన్యంలోని కిరాయి దళాలు ఇటలీ భూముల్లో మూడో వంతు తమకు కావాలన్నాయి. ఒరెస్టీస్ కుదరదన్నాడు. ఇస్తానని ఆ దళాల్లోని ఒడోయేసర్ అనే సేనాని ముందుకొచ్చాడు. ఆగస్టు 28న పియాచెంజాలో ఒరెస్టీస్‌ను చంపారు. సెప్టెంబరు 4న రావెన్నాలో కుర్రవాణ్ణి గద్దె దించారు. గమనించండి, ఇదంతా రోమ్ నగరంలో జరగలేదు. చక్రవర్తుల కొలువు రావెన్నాకు మారి అప్పటికే డెబ్బై ఏళ్లు దాటింది.

కుర్రవాణ్ణి చంపారా అంటే, లేదు. చిన్నవాడని, చక్కనివాడని జాలిపడి, ఏటా 6,000 బంగారు నాణేల భత్యం ఏర్పాటు చేసి, నేపుల్స్ తీరంలో లుకుల్లానం అనే కోటకు పంపించారు. రాజచిహ్నాలను మూటకట్టి తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు పంపి, "మాకు వేరే చక్రవర్తి అక్కర్లేదు, మీరొక్కరు చాలు" అని కబురు పెట్టారు. అక్కడి చక్రవర్తి జీనో ఇచ్చిన జవాబు ముచ్చటగా ఉంటుంది. తూర్పు నుంచి మీకు ఇద్దరిని పంపాం, ఒకరిని చంపారు, ఒకరిని తరిమారు, ఆ తరిమినవాణ్ణే మళ్లీ పిలుచుకోండి అన్నాడు. ఆ మాట అంటూనే అదే ఉత్తరంలో ఒడోయేసర్‌ను పెద్ద బిరుదుతో సంబోధించాడు!

అంటే చట్టం ప్రకారం నెపోస్ ఇంకా చక్రవర్తే. 480లో డాల్మేషియాలో హత్యకు గురయ్యేదాకా ఆయన పేరుతో ఇటలీలో నాణేలు అచ్చయ్యాయి. సెనేట్ సమావేశమవుతూనే ఉంది, కాన్సుళ్లనే పెద్ద అధికారులను నియమిస్తూనే ఉన్నారు. "పశ్చిమ సామ్రాజ్యం ఆ బాలుడితో నశించింది" అని గట్టిగా రాసిన మొదటి వ్యక్తి మార్సెల్లినస్ అనే చరిత్ర రచయిత. ఆయన రాసింది కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చుని, నలభై ఏళ్లు దాటాక. కాబట్టి ఆ పిల్లకు మీ జవాబు: మర్నాడు తెలియలేదమ్మా, నలభై ఏళ్ల తర్వాత తెలిసింది, అదీ వేరే ఊళ్లో.

కొత్త చదువరి | సోమవారం, రాత్రి 10:44

480 అని కూడా ఉందా? ఇప్పుడు నాకు నిద్ర పట్టదు.

ఖజానా రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 6:15

తూర్పుగాలి గారు రాజుల సంగతి బాగా చెప్పారు. కానీ మాస్టారూ, ఆ పిల్ల "వాళ్లకు" అంది. రాజుకా, సెనేటుకా అని అడగలేదు. నేను ఖజానా శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నాకు కనిపించే రోమ్ వేరు.

డాన్యూబ్ నది ఒడ్డున నోరికం అనే రాష్ట్రం ఉండేది, ఇప్పటి ఆస్ట్రియా ప్రాంతం. ఆ సరిహద్దుకు ఆనుకునే బటావిస్ అనే చిన్న ఊరు ఉంది. ఇప్పుడు జర్మనీలో పస్సావు అంటారు. ఇన్ నది వచ్చి డాన్యూబ్‌లో కలిసేది అక్కడే. ఆ చుట్టుపక్కల ఊళ్లకు పెద్దదిక్కుగా సెవెరినస్ అనే సన్యాసి ఉండేవాడు. ఆయన శిష్యగణంలోని యుగిప్పియస్ 511లో గురువు జీవితం రాస్తూ ఒక సంగతి చెప్పాడు. అది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

రోమన్ సామ్రాజ్యం నిలిచి ఉన్నంతకాలం సరిహద్దు గోడ కావలికి ఉన్న సైనికులకు ప్రభుత్వ సొమ్ముతో జీతాలు వచ్చేవట. ఆ రాక ఆగిపోయింది. దళాలు ఎక్కడివక్కడ చెదిరిపోయాయి. గోడను పట్టించుకునేవాడు లేడు. బటావిస్ దళం ఒక్కటే ఏదో విధంగా నెట్టుకొచ్చింది. చివరికి వాళ్లలో కొందరు తోటివాళ్ల కోసం ఆఖరి జీతం తెస్తామని ఇటలీకి బయలుదేరారు. దారిలో ఎవరో వాళ్లను చంపేశారు. ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒక రోజు సెవెరినస్ తన గదిలో చదువుకుంటూ ఉన్నట్టుండి పుస్తకం మూసి నిట్టూర్చి ఏడవడం మొదలుపెట్టాడు. నది దగ్గరికి పరుగెత్తండి, నీళ్లు నెత్తుటితో ఎర్రబారుతున్నాయి అన్నాడు. అంతలోనే కబురు వచ్చింది, ఆ సైనికుల శవాలను నది ఒడ్డుకు తెచ్చి వేసిందని.

మహిమ సంగతి నమ్మేవాళ్లు నమ్ముతారు. జీతం తేవడానికి మనుషులు నడిచి వెళ్లారన్న ముక్క మాత్రం ఎవరూ కల్పించి రాసేది కాదు. మా శాఖలో ఒకసారి బిల్లులు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు, మారుమూల కార్యాలయం నుంచి ఒక జవాను బస్సెక్కి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. "అయ్యా, మా పదకొండుమందివీ నేనే పట్టుకెళ్తానని చెప్పి వచ్చాను" అన్నాడు. చేతిలో కాగితం మీద పదకొండు పేర్లు, పక్కన సంతకాలు. నాకు బటావిస్ అంటే ఆ కాగితమే గుర్తొస్తుంది.

కాబట్టి ఆ ఊరివాళ్లకు తెలిసింది మాస్టారూ. తారీఖు తెలియకపోవచ్చు. ఒకటో తారీఖు వచ్చినా జీతం రాలేదని తెలిసింది.

సాంఘికం టీచర్ | మంగళవారం, ఉదయం 7:02

ఖజానా గారూ, స్కూలుకు బయలుదేరుతూ చదివాను. మాట రావడం లేదు. సాయంత్రం రాస్తాను.

కొత్త చదువరి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సరే, ఒప్పుకుంటాను, కదిలించింది. కానీ డబ్బు ఎందుకు ఆగింది? నేను చదివిన గైడులో విలాసాలు, నైతిక పతనం, సీసం గొట్టాల నీళ్లు తాగి మతి చెడటం, క్రైస్తవం వల్ల యుద్ధోత్సాహం తగ్గడం అని నాలుగు కారణాలున్నాయి. ఏది సరైనది?

తూర్పుగాలి | మంగళవారం, మధ్యాహ్నం 2:05

నాలుగేనా? ఒక జర్మన్ చరిత్రకారుడు ఇంతవరకు పండితులు చెప్పిన కారణాలన్నీ పోగేస్తే లెక్క 210కి చేరింది. అందులో వేడినీళ్ల స్నానాలు కూడా ఉన్నాయి.

నా దగ్గర ఒక చిన్న గీటురాయి ఉంది. మీరు చెప్పే కారణం పశ్చిమం ఎందుకు కూలిందో చెప్పాలి, అదే నోటితో తూర్పు ఎందుకు కూలలేదో కూడా చెప్పాలి. సీసం గొట్టాలు తూర్పులోనూ ఉన్నాయి. విలాసాలకు కాన్‌స్టాంటినోపుల్ ఏమీ తీసిపోదు. క్రైస్తవం తూర్పులో ఇంకా ముందే, ఇంకా గట్టిగా పాతుకుంది. అయినా ఆ సామ్రాజ్యం 1453 దాకా నడిచింది, అక్కడివాళ్లు చివరి రోజు వరకు తమను రోమన్లనే చెప్పుకున్నారు. కాబట్టి ఆ నాలుగూ నిలవవు.

నిలిచేది భూగోళం. 413లో కట్టిన పెద్దగోడల వెనుక కాన్‌స్టాంటినోపుల్, దానికి ఆనుకుని జలసంధి. డాన్యూబ్ దాటి వచ్చినవాళ్లు బాల్కన్ ప్రాంతాన్ని ఎంత దోచినా, నీళ్లు దాటి ఆసియా మైనరుకు, సిరియాకు, ఈజిప్టుకు పోలేకపోయారు. పన్నులు వచ్చేది అక్కడినుంచే. అట్టిలాకు ఏటా 2,100 పౌన్ల (ఇక్కడ పౌను అంటే రోమన్ తూకం, సుమారు 325 గ్రాములు) బంగారం కప్పం కట్టినా తూర్పు ఖజానా తట్టుకుంది. పశ్చిమానికి అలాంటి కందకం లేదు.

గాటు నాణెం | మంగళవారం, సాయంత్రం 5:48

నాణేల పిచ్చివాణ్ణి, పిలవకపోయినా వచ్చాను. మా నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోటే దొరికాయి. ఇలాంటి దినారీలు దక్షిణాదిలో ఎక్కడ తవ్వినా ఎక్కువగా కనిపించేవి అగస్టస్, టైబీరియస్ కాలానివే. ఎందుకంటే 64లో నీరో చక్రవర్తి వెండి నాణెం బరువు తగ్గించి, రాగి కలిపాడు. ఇక్కడి వర్తకులు దాన్ని గుర్తుపట్టి, పాత నాణేలైతేనే సరుకు ఇస్తామన్నారు. కొన్ని బంగారు నాణేల మీద చక్రవర్తి ముఖాన ఉలితో గాటు కూడా పెట్టారు. నీ మొహం మాకెందుకు, లోహం చాలు అన్నట్టు. నా పేరు అక్కడిదే.

ఆ కల్తీ తర్వాత ఆగలేదు. 260లలో గాలియెనస్ కాలానికి వెండి నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్లు కూడా లేదు. పైన పూత, లోపల రాగి. వేలు పెట్టి రుద్దితే పూత పోతుంది. ధరలు ఆకాశానికి పోతే 301లో డయోక్లీషియన్ గుడ్డు నుంచి మంగలి కూలి దాకా గరిష్ఠ ధరలు చెక్కించి రాళ్లు పాతించాడు. పని జరగలేదు.

కానీ ఇక్కడ నేను నా పక్షానికే ఎదురు చెప్పాలి. నాణెం కల్తీ వల్లే రోమ్ కూలిందని కొందరు ఊదరగొడతారు. అది మూడో శతాబ్దపు జబ్బు. నాలుగో శతాబ్దం మొదట్లో కాన్‌స్టంటైన్ తెచ్చిన సోలిడస్ అనే బంగారు నాణెం, పౌనుకు 72 చొప్పున, సుమారు నాలుగున్నర గ్రాములు, తూర్పులో ఏడు వందల ఏళ్లు దాదాపు స్వచ్ఛంగా నడిచింది. 476లో ఆ కుర్రవాడికి ఇచ్చిన భత్యం కూడా అందులోనే. నాణెం మంచిదే. నాణేలే చాలలేదు.

ఖజానా రిటైర్డ్ | మంగళవారం, సాయంత్రం 6:30

అదీ మాట. ఎందుకు చాలలేదో జమాఖర్చుల్లో చూపిస్తాను, చదువరి బాబు కోసం.

పశ్చిమ ప్రభుత్వం ఖర్చులో సింహభాగం సైన్యానిది. రాబడి భూమి పన్నుది. 406 చివర్లో వాండల్స్, అలన్లు, సువెబీలు అనే తెగలు రైన్ నది దాటాయి. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్), స్పెయిన్ ప్రాంతాలు తొక్కిసలాటలో పడ్డాయి. తగలబడిన పొలం పన్ను కట్టదు కదా. అయినా ఆఫ్రికా ఉంది. ఇప్పటి ట్యునీషియా, అల్జీరియా తీరం. గోధుమలు, ఆలివ్ నూనె, బంగారం, అన్నీ అక్కడినుంచి. పైగా అక్కడ ఖర్చు తక్కువ, పెద్ద సైన్యం అవసరం లేని ప్రాంతం. మిగులు జిల్లా అన్నమాట. 439 అక్టోబరు 19న వాండల్ రాజు గైసెరిక్ యుద్ధం లేకుండానే కార్తేజ్ నగరంలోకి నడిచి వెళ్లాడు.

నా దృష్టిలో అసలు తారీఖు అదే. 476 అంతా దాని తాలూకు వాయిదాల ఎగవేత.

తర్వాతి చట్టాలు చూడండి. 444లో చక్రవర్తి మూడో వాలెంటీనియన్ కొత్త అమ్మకం పన్ను వేశాడు, సరుకు విలువలో 24వ వంతు, సగం కొన్నవాడు, సగం అమ్మినవాడు కట్టాలి. ఆ శాసనంలోనే ఒప్పుకున్నాడు, అలసిపోయిన పన్నుదారుల దగ్గర వచ్చేదానితో కొత్తగా చేర్చుకునే సైనికులకు కాదు కదా, ఉన్నవాళ్లకే తిండీ బట్టా సరిపోవడం లేదని. ఆఫ్రికాలో తిరిగి చేతికి వచ్చిన నుమీడియా లాంటి ప్రాంతాల మీద మరుసటి ఏడాది వేసిన పన్ను పాతదాంట్లో ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతులూ వసూలుచేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఇలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి కాబట్టి చెబుతున్నాను, శాసనంలో ప్రభుత్వం ఏడుపు వినిపించిందంటే లోపల పరిస్థితి అంతకు పదింతలు.

ఆఖరి ప్రయత్నం 468. తూర్పు, పశ్చిమం కలిసి కార్తేజ్ మీదికి 1,100 ఓడలు పంపాయి. ఖర్చు 64,000 పౌన్ల బంగారం, 7,00,000 పౌన్ల వెండి అని ఒక లెక్క. బంగారమే ఇరవై టన్నులు దాటుతుంది. సేనాని బాసిలిస్కస్ గైసెరిక్ అడిగాడని అయిదు రోజులు గడువిచ్చాడు. ఆ అయిదు రోజుల్లో గాలి తిరిగింది. గైసెరిక్ ఖాళీ ఓడలకు నిప్పంటించి గాలి వాటున వదిలాడు. కిక్కిరిసి లంగరు వేసిన ఓడలు తగలబడిపోయాయి. తూర్పు ఖజానాయే ఏళ్ల తరబడి తేరుకోలేదు. పశ్చిమానికి ఇక తేరుకోవడమన్న మాటే లేదు. ఎనిమిదేళ్లకు రోములస్ దిగిపోయాడు.

సరిహద్దు గ్రామం | మంగళవారం, రాత్రి 8:12

అంతా పన్నులు, లెక్కలేనా? మనుషుల్ని ఎలా చూశారన్నది ఎక్కడ?

376లో హూణుల ధాటికి పారిపోయి వచ్చిన గోత్‌లు అనే తెగవాళ్లు డాన్యూబ్ ఒడ్డున నిలబడి ఆశ్రయం అడిగారు. చక్రవర్తి వాలెన్స్ సరేనన్నాడు. కానీ అక్కడి అధికారులు లుపిసినస్, మాక్సిమస్ ఆ శరణార్థులకు పంపిన తిండిని మెక్కేశారు. ఆకలికి తాళలేనివాళ్లకు కుక్కల్ని పట్టి తెచ్చి తినమని ఇచ్చి, ఒక్కో కుక్కకు బదులుగా ఒక్కో బిడ్డను బానిసగా తీసుకున్నారు. ఇది రాసింది గోత్‌లు కాదు, రోమన్ సైన్యంలో పనిచేసిన అమ్మియానస్. రెండేళ్లకు, 378 ఆగస్టు 9న, అడ్రియానోపుల్ దగ్గర వాలెన్స్ సైన్యంలో మూడింట రెండొంతులు నేలకొరిగింది. చక్రవర్తి శవం కూడా దొరకలేదు.

బుద్ధి వచ్చిందా? 408లో స్టిలికో అనే సేనానిని, తండ్రి వాండల్ కాబట్టి అనుమానించి, చంపించారు. వెంటనే ఇటలీ నగరాల్లో రోమన్ సైనికులు, తమతో కలిసి పోరాడుతున్న గోత్ సైనికుల భార్యాపిల్లలను ఊచకోత కోశారు. భర్తలు ముప్ఫై వేలమంది నేరుగా గోత్‌ల రాజు అలారిక్ దగ్గరికి వెళ్లిపోయారు. రెండేళ్లకు, 410 ఆగస్టు 24న, అలారిక్ రోమ్‌లోకి వచ్చాడు. ఎనిమిది వందల ఏళ్లలో శత్రువు ఆ ఊళ్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. బయటివాళ్లు వచ్చి పాడుచేశారని పాఠాల్లో రాస్తారు. ఆ బయటివాళ్లలో సగంమంది మొన్నటిదాకా లోపలివాళ్లే.

గాటు నాణెం | మంగళవారం, రాత్రి 8:25

ఒక చిన్న ముక్క. 408లో అలారిక్ మొదటిసారి ముట్టడించినప్పుడు వెనక్కి పోవడానికి అడిగిన వాటిలో 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు అంగీలు ఉన్నాయి. వాటితో పాటు 3,000 పౌన్ల మిరియాలు. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి వెళ్లినవే. మనవాళ్లు అమ్మిన సరుకుతో రోమ్ తన ప్రాణం కొనుక్కుంది, రెండేళ్లకే అయినా.

కొత్త చదువరి | మంగళవారం, రాత్రి 8:40

అయితే సామాన్యులకు వాళ్ల పాలనే బాగుందా?

సరిహద్దు గ్రామం | మంగళవారం, రాత్రి 9:03

కొందరికి. 449లో ప్రిస్కస్ అనే తూర్పు రాయబారి బృందంతో అట్టిలా శిబిరానికి వెళ్లాడు. హూణుల దుస్తులు వేసుకున్న ఒక మనిషి ఎదురొచ్చి గ్రీకులో నమస్కారం పెట్టాడు. ఆశ్చర్యపోయి ఎవరు నువ్వు అంటే, నేను వర్తకుణ్ణి, యుద్ధంలో బందీగా దొరికాను, ఇప్పుడు స్వేచ్ఛ పొంది ఇక్కడే పెళ్లి చేసుకుని ఉన్నాను, రోమ్ కంటే ఇక్కడే సుఖం అన్నాడు. అక్కడ పన్నులు పీల్చేస్తాయి, కోర్టుకు వెళితే లంచం ఇవ్వగలవాడే గెలుస్తాడు, దావా ఏళ్ల తరబడి సాగుతుంది అని ఏకరువు పెట్టాడు. ప్రిస్కస్ రోమన్ చట్టాల గొప్పతనం గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. అంతా విని ఆ మనిషి కన్నీళ్లు పెట్టుకుని, చట్టాలు మంచివేనయ్యా, వాటిని నడిపించేవాళ్లు పాతకాలపువాళ్లలా లేరు అన్నాడు.

తూర్పుగాలి | మంగళవారం, రాత్రి 9:20

ఇంకో పక్క సిడోనియస్ ఉన్నాడు. గాల్‌లో పెద్దింటివాడు, కవి, తర్వాత బిషప్. ఆయన ఇంట బర్గండీ తెగ సైనికులు మకాం పెట్టారు. ఏడడుగుల మనుషులు, జుట్టుకు ముక్కిపోయిన వెన్న పూసుకుంటారు, పొద్దున్నే పది వంటకాలు లాగించి ఉల్లి వెల్లుల్లి త్రేన్పులు తీస్తారు, ఈ కంపులో ఛందస్సు ఎలా కుదురుతుంది అని మొత్తుకున్నాడు. నవ్వొస్తుంది. కానీ 475లో అదే సిడోనియస్ కాపాడుకుంటూ వచ్చిన క్లెర్మాంట్ నగరాన్ని చక్రవర్తి నెపోస్ గోత్‌లలోని ఒక శాఖ అయిన విసిగోత్‌లకు రాసిచ్చేశాడు, దక్షిణాన ప్రోవెన్స్‌ను నిలబెట్టుకోవడం కోసం. ఆ కోపంతో ఆయన రాసిన ఉత్తరంలో వెన్న లేదు, హాస్యం లేదు. ఆయనకు రోమ్ 475లో పోయింది. పోగొట్టింది గోత్‌లు కాదు, సొంత ప్రభుత్వం.

రాళ్ళూరప్పలు | బుధవారం, ఉదయం 10:10

కాగితం మీది మాటలు చాలా అయ్యాయి, కాస్త మట్టి తవ్వుదాం. నేను సివిల్ ఇంజినీరును, ఉద్యోగం మీద ఇటలీలో ఎనిమిది నెలలు ఉన్నాను.

రోమ్‌లో టెస్టాచియో అనే పేటలో 35 మీటర్ల గుట్ట ఉంది. పచ్చగా గడ్డి, చెట్లు. మామూలు కొండే అనుకుంటాం. అది మొత్తం పగిలిన నూనె జాడీలు. ఆ గుట్టను తొలిచి కట్టిన ఒక భోజనశాలలో వెనుకగోడ గాజుతో పెట్టారు, నేను తింటున్న పళ్లేనికి మూరెడు దూరంలో పెంకులు దొంతరలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద బరువు, పంపినవాడి పేరు, తనిఖీ చేసినవాడి పేరు సిరాతో రాసి ఉంటాయట. స్పెయిన్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చిన ప్రతి జాడీకీ లెక్క. దాన్ని చూశాక ఖజానా గారు చెప్పేది నాకు వెంటనే ఎక్కింది. అలాంటి గుట్ట పెరగాలంటే ఓడ, రేవు, కూలి, గుమాస్తా, సముద్రం మీద భద్రత, అన్నీ ఒకేసారి పనిచెయ్యాలి.

ఇప్పుడు బ్రిటన్ చూడండి. 402 తర్వాత అక్కడికి కొత్త నాణేలు రావడం దాదాపు ఆగిపోయింది. ఒక తరం గడిచేసరికి చక్రం మీద చేసిన కుండ లేదు, పెంకుటిల్లు లేదు, మేకులు కూడా కరువే. రోమన్ల కాలంలో పెరిగిన పశువుల ఎముకల పరిమాణం కూడా తర్వాత చాలాచోట్ల తగ్గింది. ఆవు చిన్నదైందంటే ఇంట్లో పాలూ తగ్గినట్టే. సెనేట్ సమావేశమవుతూనే ఉందని తూర్పుగాలి గారు అంటారు. సెనేటర్‌కు ఉండవచ్చు, ఆవుకు లేదు.

తూర్పుగాలి | బుధవారం, ఉదయం 10:52

ఆవు మాటకు లొంగిపోయాను. కానీ బ్రిటన్‌ను చూపించి ఇటలీని తీర్పు చెప్పకండి. 493లో మరో గోత్ రాజు థియోడొరిక్ ఒడోయేసర్‌ను విందుకు పిలిచి స్వయంగా నరికాడు. అయినా తర్వాత ముప్ఫై మూడేళ్లు ఇటలీ ప్రశాంతంగా ఉంది, పాత కట్టడాలకు మరమ్మతులు జరిగాయి, 523 నాటికి కూడా కొలోసియంలో జంతువుల వేట చూపించారు. ఇటలీ నడ్డి విరిచింది మా తూర్పువాళ్లే, చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. రోమ్‌ను తిరిగి గెలుచుకుంటానని తూర్పు చక్రవర్తి జస్టీనియన్ 535లో మొదలుపెట్టిన యుద్ధం 554 దాకా సాగింది. 537లో ముట్టడి వేసిన గోత్‌లు నగరానికి నీళ్లు తెచ్చే కాలువలన్నీ తెంపేశారు. ఒకప్పుడు పది లక్షలమంది ఉన్న ఊరు కొన్ని పదుల వేలకు పడిపోయింది.

రాళ్ళూరప్పలు | బుధవారం, ఉదయం 11:15

ఆ కాలువల్లో ఒకదాని కింద నిలబడి చూశాను. కాలువ లోపలి గోడకు వేళ్ల మందాన సున్నపు పొర పేరుకుపోయి ఉంది. శతాబ్దాలపాటు నీళ్లు పారితే పట్టిన పొర. తరచుగా గోకి శుభ్రం చేయకపోతే కాలువ మూసుకుపోతుంది. శత్రువు తెంపడం ఒక్క రోజు పని. గోకేవాడికి కూలి ఇచ్చే దిక్కు లేకపోతే తెంపకపోయినా అంతే.

నిర్వాహకులు | బుధవారం, మధ్యాహ్నం 12:00

వర్తమాన రాజకీయాలతో పోలికలు పెట్టిన రెండు జవాబులు తొలగించాం. చర్చ అయిదో శతాబ్దంలోనే ఉండాలని మనవి. ఆవుకు మినహాయింపు.

సాంఘికం టీచర్ | బుధవారం, రాత్రి 8:30

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న పాఠం పక్కన పెట్టి బటావిస్ సైనికుల సంగతి చెప్పాను. ఈ రోజు పటం గోడకు తగిలించి, పస్సావు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను, అక్కడినుంచి ఆల్ప్స్ దాటి ఇటలీ దాకా గీత గీశాను. క్లాసులో చప్పుడు లేదు. అప్పుడు ఆ మూడో బెంచీ పిల్ల మళ్లీ చెయ్యెత్తింది. "మరి ఆ రాజు కుర్రాడికి ఇస్తామన్న డబ్బు ఇచ్చారా మాస్టారూ?" అంది.

ఖజానా గారూ, ఇది మీ విభాగం.

ఖజానా రిటైర్డ్ | బుధవారం, రాత్రి 9:14

ఆ పిల్లను మా శాఖలో చేర్చుకోవాలి.

ముందు భత్యం ఎంతో చూద్దాం. నాలుగున్నర గ్రాముల చొప్పున 6,000 నాణేలంటే ఏటా 27 కిలోల బంగారం. ఇక ఇచ్చారా అన్నది. ఒడోయేసర్ పోయి థియోడొరిక్ వచ్చాక, ఆయన కార్యాలయం నుంచి వెళ్లిన ఒక ఉత్తరం మిగిలింది. రోములస్ అనే వ్యక్తికి, అతని తల్లికి పూర్వం చేసిన ఏర్పాటును ఎవరూ కదపరాదని అందులో ఉంది. 476 దాటి ముప్ఫై ఏళ్లు. ఆ రోములస్ ఈ రోములస్సే అని కొందరు చరిత్రకారుల ఊహ. నాకూ అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే అది అచ్చంగా పింఛను కొనసాగింపు ఉత్తర్వు భాష.

ఇంకొకటి ఉంది, మీకు చెప్పకుండా దాచుకున్నాను. ఒడోయేసర్ అనామకుడిగా ఉన్న రోజుల్లో, తోళ్లు కప్పుకుని ఇటలీ పోతూ సెవెరినస్ గదికి ఆశీస్సులకు వచ్చాడట. ఎంత పొడగరి అంటే కప్పు తగలకుండా వంగి నిలబడ్డాడు. వెళ్లు, ఇప్పుడు ఈ తోళ్లు కప్పుకున్నా త్వరలో చాలామందికి చాలా ఇస్తావు అన్నాడు సన్యాసి. సెవెరినస్ 482లో పోయాడు. 488లో ఒడోయేసర్ ఆజ్ఞ ప్రకారం నోరికంలో మిగిలిన రోమన్లను ఇటలీకి తరలించారు. పోతూ పోతూ వాళ్లు గురువు శరీరాన్ని బండి మీద వెంట తీసుకెళ్లారు. కొన్నేళ్లకు ఒక సంపన్న స్త్రీ కోరిక మీద ఆ శరీరాన్ని ఒక కోటలో సమాధి చేశారు. యుగిప్పియస్ ఆ జీతం కథ రాసింది అక్కడి మఠంలోనే.

ఆ కోట నేపుల్స్ తీరంలోని లుకుల్లానం.

తూర్పుగాలి | బుధవారం, రాత్రి 9:16

ఆ కుర్రవాణ్ణి పంపిన చోటు!

ఖజానా రిటైర్డ్ | బుధవారం, రాత్రి 9:21

అదే. జీతం అందక చచ్చిపోయినవాళ్ల కథ, పింఛను అందుకున్నవాడి ఇంటి ఆవరణలో రాశారు. రేపు ఆ పిల్లకు చెప్పండి మాస్టారూ, డబ్బు ఇచ్చారనే అనిపిస్తోందని. కాకపోతే ఎవరికి ఇచ్చారో కూడా చెప్పండి.